పదహారు పొద్దుల పలకకు నా మూడంగుళాల మేకు

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను అబద్ధాలాడను. జరిగినదాన్ని నూనెలో వేసి కాస్త పొంగిస్తానంతే, పూరీలాగా. పిండి మాత్రం నిజానిదే. ఆ పూరీని పొడిచి గాలి తీసేసేవాళ్ళు మా దీవుల్లో, మా బతు బస్తీలో చాలామందే ఉన్నారు గాని, ఆ శనివారం పొద్దున గోవిందు టీ కొట్టు దగ్గర జరిగినట్టు మాత్రం నా ఎనభై రెండేళ్ళ బతుకులో ఎన్నడూ జరగలేదు. (నిజానికి డెబ్భై ఒకటే. ఎనభై రెండంటే జనం లేచి చోటిస్తారు.)

ఆ పొద్దున కొట్టు దగ్గర రెండొందల మంది ఉన్నారు. సరే, ఉన్నది ఒకటే బెంచీ కాబట్టి ఐదుగురు అనుకోండి. చాయ్ కాచే గోవిందు. రంగత్ ఊరి బస్సు నడిపే ప్రదీప్, ఆ రోజు సెలవు. మా ఆయనకి వరసకి తమ్ముడు గవరయ్య, పాత వడ్రంగి. రోజుకి నాలుగు మాటలు మాట్లాడతాడు, అందులో రెండు ‘ఊఁ’లే. నాలుగో మనిషిని నేను. బెంచీ చివర నా మనవరాలు ప్రత్యూష, ఒళ్ళో స్టీలు టిఫిన్ డబ్బా పెట్టుకుని, చాయ్ మీద మీగడ కడుతున్నా చూడకుండా కూర్చుంది.

ఆ డబ్బాలో ఇడ్లీలు లేవు. అరచేయంత సోలారు పలక ఉంది, చచ్చిపోయిన పలక. మా పిల్ల ఇంజనీరింగ్ మూడో ఏడు. వాళ్ళ కాలేజీ పిల్లలూ, మెయిన్‌లాండ్‌లో ఇంకో మూడు కాలేజీల పిల్లలూ కలిసి ఒక చిన్న ఉపగ్రహం కడుతున్నారు. చిన్నదంటే మన వంటింట్లో ఉప్పు డబ్బా ఎంతో అంత. దానికి ఎండలోంచి కరెంటు తీసే పలక చెయ్యడం మా పిల్ల వంతు. చేసింది, మద్రాసు పంపింది. అక్కడ ఒక పెట్టెలో పెట్టి పలకని కాలుస్తారట, గడ్డకట్టిస్తారట, మళ్ళీ కాలుస్తారట. ఎందుకంటే పైన ఆ ఉప్పు డబ్బా గంటన్నరకోసారి భూమిని చుట్టేస్తుంది. ప్రతి చుట్టుకీ ఒక పగలు, ఒక రాత్రి. మనకి ఒక్క రోజు గడిచేలోపు దానికి పదహారు సార్లు తెల్లారుతుంది. ఎండలో ఎనభై డిగ్రీలు, నీడలోకి దూరితే సున్నాకి కింద నలభై. మద్రాసు పెట్టెలో మా పలక తొమ్మిదో చుట్టుకే ప్రాణం వదిలింది. పలక మీద వరసగా అతికిన బిళ్ళల్లో ఒకదాన్నుంచి ఇంకోదానికి కరెంటు మోసే సన్నటి పట్టీ తెగిపోయింది.

ఇంకొక్క పలకకి సరిపడా బిళ్ళలే మిగిలాయి. అది చేసి, బుధవారం విమానంలో తనే పట్టుకెళ్ళాలి. అది కూడా తెగిందా, వేరే కాలేజీవాళ్ళ పలక పెట్టేస్తారు, మన దీవుల పిల్ల చేసింది పైకి వెళ్ళదు. మూడు రోజులుగా పిల్ల సరిగ్గా తినలేదు, పలకలేదు. ఎంత అడిగినా ఒకటే మాట, ఈసారి ఇంకా గట్టి జిగురు తెప్పించాను, ఇంకా బిగుతుగా అతుకుతాను అని.

మనవరాలు అలా మొహం వేలాడేసుకుంటే ఏ మామ్మైనా వేడి పాలు కాచి ఇస్తుంది. నేను పాలు కాస్తే పొయ్యి తాగుతుంది. అందుకని కథ మొదలుపెట్టాను.

బిగించడం సంగతి నన్నడగండి, అన్నాను, అందరికీ వినపడేలా. సునామీ వచ్చినప్పుడు మేం ఇంకో దీవిలో, హట్ బేలో ఉండేవాళ్ళం. ఒడ్డున చిన్న కిరాణా కొట్టు. కొట్టు పోయింది, ఇల్లు పోయింది, మొన్ననే దించిన బియ్యం బస్తాలు పోయాయి. నాలుగేళ్ళ ప్రత్యూషని చంకనేసుకుని మేం మాత్రం గట్టు ఎక్కాం. ఆ తర్వాత రేకుల షెల్టర్లో ఉన్నాం. గోడా రేకే, కప్పూ రేకే. మధ్యాహ్నం ఆ రేకుల కింద పొయ్యి వెలిగించడమంటే బాణలిలో కూర్చుని ఇంకో బాణలి పెట్టుకోవడం. అందుకని పక్కన నాలుగు కర్రలు పాతి, దొరికిన రేకులు ఏరుకొచ్చి, వంటకి చిన్న పంచ వేశాను. నేనే, ఒక్కదాన్నే, సుత్తీ మూడంగుళాల మేకులూ పట్టుకుని.

ఇంతవరకూ ప్రదీప్ కూడా తలూపాడు.

సముద్రం ఒకసారి అంతా ఊడ్చుకుపోయాక మనిషికి ఏదీ వదులుగా ఉంచబుద్ధి కాదు. ఆ షెల్టర్లో ఎవరింట్లో చూడండి, బిందెకి కూడా తాడు కట్టి ఉండేది. నేను మరీనూ. ఒక మేకు చాలిన చోట ఆరు కొట్టాను. మేకు తల రేకులోకి దిగిపోయి ఇక కనపడనంత వరకూ కొట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?

“ఏటైంది పిన్నీ?” అన్నాడు గోవిందు, పాలలో పంచదార వేస్తూ. ఇలాంటివాడు కొట్టుకొక్కడు ఉంటే చాలు, కథ దానంతటదే నడుస్తుంది.

గాలివాన వచ్చింది. మామూలు గాలి కాదు. కొబ్బరిచెట్లు వంగి నేల మీద ఆకులతో ముగ్గులేశాయి. షెల్టర్లు గజగజలాడాయి. నా పంచ ఉలకలేదు, పలకలేదు. గాలికి రోషమొచ్చింది. పోయి ఇంకో గాలిని తోడు తెచ్చుకుంది. రెండూ కలిసి పంచని పట్టుకు లాగాయి. మేకు కదిలితేగా. పంచ అక్కడే ఉంది గాని, పంచ కింద నేల కదిలింది. హట్ బే మొత్తం పడమటికి నాలుగు గజాలు జరిగింది. ఆ ఏడు ఓడ వచ్చి జెట్టీకి ఆనకపోతే కళాసీలు తల పట్టుకున్నారు.

“నేను ఆ ఓడెక్కాను మామ్మా, బరాబర్ ఆనింది,” అన్నాడు ప్రదీప్.

నువ్వెక్కింది తర్వాతి ఏడు, అప్పటికి సముద్రాన్ని కూడా జరిపారు, అని చెప్పి ముందుకెళ్ళాను. కథ చెప్పేటప్పుడు బస్సు డ్రైవర్లకి బదులు చెప్తూ కూర్చుంటే ఊరు చేరం.

ఆ గాలివానతో నా పేరు దీవి దీవికీ పాకింది. పడవ కొట్టుకుపోతోందని ఒకడొచ్చాడు, ఒక్క మేకుతో ఒడ్డుకి బిగించాను. ఆ పడవ ఇప్పటికీ అక్కడే ఉంది, పాపం వాడు చేపల కోసం ఈదుకుంటూ వెళ్తున్నాడు. ఇంటి పట్టున ఉండని అల్లుణ్ణి ఒకావిడ తీసుకొచ్చింది. మనుషులకి మేకులు కొట్టనమ్మా అన్నాను. అతని చెప్పులకి కొట్టి పంపాను. ఆరు నెలల్లో ఇంటి పట్టునే ఉండి అప్పడాలొత్తడం నేర్చుకున్నాడు. అలా జరుగుతుండగా ఒక పొద్దున హెలికాప్టర్ దిగింది. అందులోంచి ముగ్గురు తెల్ల కోటు మనుషులు. రేకుల షెల్టర్ ముందు చెప్పులు విప్పి, కాశమ్మగారూ, పైన మా ఉపగ్రహాలకి పలకలు ఊడొస్తున్నాయి, మీరొచ్చి నాలుగు మేకులు కొడితే గాని లాభం లేదు అన్నారు.

ఆ మాటకి ప్రత్యూష కళ్ళు టిఫిన్ డబ్బా మీంచి అరంగుళం లేచాయి. నేను చూడనట్టే ఉన్నాను.

నాకు పైకెళ్ళడం కొత్త కాదు గాని, ఫ్లాస్కు నిండా చాయ్ ఇస్తేనే వస్తానన్నాను. ఇచ్చారు. రాకెట్టు అంటే ఏముంది, మన ప్రదీప్ బస్సే నిలబెట్టినట్టుంటుంది, కుదుపులు కాస్త తక్కువ. పైకి చేరాక అసలు కష్టం తిండి దగ్గరొచ్చింది. తెల్లారింది కదా అని ఉప్మాకి తాలింపు వేస్తానా, ఆవాలు చిటపటలాడేలోపు చీకటి పడిపోతుంది. సరే పడుకుందామని చాప పరుస్తానా, తల వాల్చేలోపు మళ్ళీ తెల్లారుతుంది. రోజుకి పదహారు ఉప్మాలు. మంగళవారం ఉపవాసం ఉన్నాను, గంటన్నరలో అయిపోయింది. అంత సుఖమైన ఉపవాసం నా జన్మలో లేదు.

ఇక వేడి సంగతి. ఎండలోకి వచ్చినప్పుడు పలక మీద అప్పడం పెట్టాను. కాలి, మాడి, పెళ్ళివారిల్లంతా కమ్మినట్టు వాసన. నీడలోకి దూరామో లేదో చేతిలో చాయ్ గడ్డకట్టి కడ్డీ అయింది. కొరుక్కు తిన్నాను.

“పైన గాలుండదు మామ్మా,” అంది ప్రత్యూష డబ్బాలోకి చూస్తూ. “వాసన రాదు.”

మూడు రోజుల తర్వాత జిగురు మాట కాని మొదటి మాట. నా గాలి నేను సంచిలో పట్టుకెళ్ళానులే అన్నాను, గుండె గంతులేస్తున్నా పైకి తేలనివ్వకుండా. ఇలాంటప్పుడు ఆగకూడదు. ఇంకా పైకెళ్ళాను.

మీరంతా ఏమనుకుంటారు, ఎండ మండే కొద్దీ కరెంటు ఎక్కువొస్తుందనుకుంటారు. కాదు. పలక మరీ వేడెక్కితే నీరసపడుతుంది, మే నెల మధ్యాహ్నం నాలాగే. అదే పలక చీకట్లోంచి అప్పుడే బయటికొచ్చి, ఒళ్ళంతా చల్లగా ఉన్నప్పుడు ఎండ తగిలిందా, ఉరకలేస్తుంది. ఆ నాలుగు నిమిషాల్లో వచ్చే కరెంటు పట్టుకోలేక ఆ ఉప్పు డబ్బా కేకలు పెడుతుంది. నమ్మకపోతే పిల్లనడగండి.

“ఇది మాత్రం నిజమే,” అని ఒప్పుకుంది ప్రత్యూష. “కేకలు తప్ప.”

గోవిందు చాయ్ గరిటె పైకెత్తి అలాగే ఉండిపోయాడు. “సచ్ పిన్నీ? నీ నోటంట నిజమా?”

ఇంట్లో పిల్ల ఫోన్లో మాట్లాడుతుంటే తలుపు చాటున విని ఇదంతా నేర్చుకున్నానని వాడికి చెప్పాల్సిన పనిలేదు. నా మాట మీద అంత నమ్మకం కుదిరాక ఇక పగ్గాల్లేవు. పలక ఎండలో పెరుగుతుందర్రా, నీడలో ముడుచుకుంటుంది, అన్నాను. పైనున్న బిళ్ళ ఒక తీరు, కిందున్న అట్ట ఒక తీరు, మధ్యలో పట్టీ ఇంకో తీరు. ఒకే దుప్పటి కింద ముగ్గురు పడుకుని మూడువైపులా లాక్కున్నట్టు. ఆ గుంజులాటకే అన్నీ ఊడిపోతున్నాయి. నేనేం చేశాను? కొంగు బిగించి, సుత్తి తీసి, ఒక్కో బిళ్ళకి ఆరు మేకులు కొట్టాను, మా పంచకి కొట్టినట్టే. ఇక కదలండి చూద్దాం అన్నాను. సూర్యుడొచ్చాడు. పలకని సాగదీద్దామని చూశాడు, సాగలేదు. ఇంకాస్త మండాడు. సాగలేదు. చెమటలు పట్టి, ఈ ముసల్దానితో మనకెందుకని నాలుగడుగులు వెనక్కి జరిగాడు. ఆ ఏడు మన దగ్గర ఎండాకాలం చల్లగా లేదూ? ఎవరి వల్లనుకున్నారు?

ప్రదీప్ చేతులెత్తి దణ్ణం పెట్టాడు. నేను పిల్ల వైపు తిరిగి, అసలు చెప్పదలుచుకున్న మాట చెప్పాను.

“అందుకే బిగించమ్మా. ఇంకా బిగించు. మనింట్లో వదులుగా ఉన్నది ఏదైనా నిలిచిందా?”

ప్రత్యూష లేచింది. మొహంలో కాస్త రంగొచ్చింది. సరే మామ్మా, గట్టి జిగురే వాడతాను, ఈ పూటే మొదలుపెడతాను అంది. నా కథకి కడుపు నిండినట్టనిపించింది.

గవరయ్య ఖాళీ గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

“వదినా,” అన్నాడు. “ఆ పంచ రేకులు చీలిపోయాయి గదా.”

ప్రదీప్ గ్లాసు దించి అతని వైపు తిరిగాడు. పొయ్యి మీద పాలు కాగుతున్నాయి.

గాలివానకి చీలాయన్నాను నేను. ఆ ఏడు మనవైపు చెప్పుకోదగ్గ గాలివానే లేదన్నాడు. అక్కడితో ఆగితే గవరయ్యే కాదు. ఆ రోజు ఏం పూనిందో గాని ఏడాదికి సరిపడా మాటలు ఒక్కసారే దించాడు. మామూలు ఎండకీ వానకీ చీలాయట. ఎండకి రేకు సాగేది, జల్లు పడగానే ముడుచుకునేది, మళ్ళీ ఎండ, మళ్ళీ జల్లు, రోజుకి నాలుగైదు సార్లు, ఒకటే టక్కుటక్కుమని అరుపు. “ఆరేసి మేకులు కొట్టి దానికి కదలడానికి చోటుంచలేదు నువ్వు. ఆర్నెల్లు తిరక్కుండా ఒక రేకొచ్చి నీ చేపల పులుసు కుండ మీద పడింది. నేనే గదా మళ్ళీ వేసింది.”

ప్రదీప్ నవ్వు ఆపుకోలేక రోడ్డు మీదకి పోయాడు. గోవిందు నవ్వుతూ నవ్వుతూ పాలు పొంగించేశాడు. నాకేం, ఏడు జవాబులు నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. రేకుని నేనే చీల్చానని ఒకటి, కుండకి మూత కావాలి గనక. అది నోట్లోంచి బయటికి రాబోతుంటే ప్రత్యూష మళ్ళీ కూర్చుంది. టిఫిన్ డబ్బా మూత తీసింది.

“మామ్మా, రేకు ఎక్కడ చీలింది? రెండు మేకుల మధ్యనా, మేకు పక్కనా?”

కథలో చీలింది కావాలా అన్నాను.

“నవ్వులాట కాదు. నాకు నిజంగా కావాలి.”

అలా నన్నెవరూ అడగలేదు ఇప్పటిదాకా. నా దగ్గర కథ అడుగుతారు, పాట అడుగుతారు, అప్పడాల పిండి అడుగుతారు. నిజం కావాలని ఎవరొచ్చారు? రాకెట్టెక్కడం ఇంతకన్నా సులువు. పిల్ల కళ్ళు నా మొహం మీంచి కదల్లేదు.

“మేకు పక్కనే,” అన్నాను. “ఆరు కొట్టిన చోట ముందు చీలింది. నాకు మేకులు అయిపోయి రెండే కొట్టిన మూల చాలారోజులు నిలబడింది.”

చెప్పేశాక ఇంకొకటి కూడా దానంతటదే వచ్చేసింది. నీకు చిన్నప్పట్నుంచీ జడ కూడా కళ్ళు మీదకి గుంజుకుపోయేలా బిగించి అల్లానే తల్లీ, బిగించు బిగించు అని నేనే నేర్పాను అన్నాను.

ప్రత్యూష పలకని వెలుతురుకి ఎత్తి పట్టింది. తెగిన పట్టీని చూపుడువేలి గోటితో చూపించింది. మధ్యలో తెగలేదు. సరిగ్గా టంకం వేసిన చోటు పక్కనే. పిల్ల నెమ్మదిగా, తనలో తను అనుకుంటున్నట్టే, మాకందరికీ చెప్పింది. వాళ్ళ సారు గీసిచ్చిన బొమ్మలో ఆ పట్టీ బిళ్ళకీ బిళ్ళకీ మధ్య చిన్న వంపుతో ఉందట. అది వదులుగా ఉన్నట్టనిపించి, సారు చెయ్యి వణికి గీత వంకర పోయిందనుకుని, తను పట్టీని వీణ తీగలా తిన్నగా లాగి అతికిందట. వెనకాల కూడా బొమ్మలో చెప్పిన మెత్తటి జిగురు కాదని, రాయిలా గట్టిపడేది నిండా పూసిందట. బొమ్మ సరిదిద్దానని సంతోషపడిందట కూడాను.

“ఇంకా గట్టి జిగురు పెట్టుంటే తొమ్మిది కూడా తిరిగుండేది కాదు,” అంది. తర్వాత గవరయ్య వైపు తిరిగింది. “తాతా, నువ్వు మళ్ళీ వేసినప్పుడు ఏం చేశావు?”

మేకు కన్నా పెద్ద బెజ్జం చేశానన్నాడు. మధ్యలో పాత చెప్పు రబ్బరు ముక్క పెట్టానన్నాడు. రేకు అటూ ఇటూ జరగడానికి కాస్త చోటుంచితే ఇక చీలలేదన్నాడు. ఎంత చోటు అని పిల్ల అడిగితే బొటనవేలి గోటి మీద బియ్యపు గింజంత చూపించాడు. నేను అలవాటు కొద్దీ రెండు చేతులూ బారగా చాపాను. చాపి, చూసుకుని, ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆ తర్వాత గోవిందు దేవుడి పటం ముందున్న అగరుబత్తి పుల్ల ఒకటి తీసుకొచ్చింది పిల్ల. సంచిలోంచి మిగిలిన పట్టీ ముక్క తీసింది. వెంట్రుక కన్నా కాస్త లావు, కాగితం కన్నా పల్చన. దాన్ని పుల్ల మీద వేసి వంచుతూ, “మామ్మా, ఈ చివర పట్టుకో. వదులుగా,” అంది.

నాకు వదులుగా పట్టుకోవడం రాదు. మొదటిసారి నలిపేశాను. రెండోసారీ నలిగింది. గవరయ్య నా మోచెయ్యి కింద చెయ్యి పెట్టి, ఊపిరి వదిలి పట్టుకో వదినా అన్నాడు. మూడోసారి ఊపిరి వదిలాను. పట్టీ నా వేళ్ళ మధ్య ఉందో లేదో నాకే తెలియనట్టు నిలిచింది. పిల్ల పుల్ల లాగేసింది. మధ్యలో బుల్లి వంపు మిగిలింది, చీమ దూరే వంతెనలాగా. అటూ ఇటూ లాగి చూసింది. వంపు సాగింది, వదిలితే వెనక్కొచ్చింది. సాగింది, వెనక్కొచ్చింది. పది పదిహేను సార్లు అలాగే చేసి, మీగడ కట్టిన ఆ చాయ్ ఒక్క గుక్కలో తాగేసి, భయ్యా రెండు సమోసాలు అంది. నాలుగు తింది. ఇది పొంగించలేదు, నాలుగే.

బుధవారం విమానమెక్కింది. సంచీ తాడు ముడి నేను వెయ్యలేదు, తననే వేసుకోమన్నాను.

రెండు వారాలకి ఫోనొచ్చింది. పెట్టెలో నలభై చుట్లు తిప్పారట, నలభై సార్లు కాల్చి, నలభై సార్లు గడ్డకట్టించి. ఒక్క పట్టీ తెగలేదు. పైకి వెళ్ళే డబ్బాకి మన పలకే పెడుతున్నారట. అవతల పిల్ల ఏడుస్తూ నవ్వుతోంది, ఇవతల నేను చెప్పులు కూడా మరిచిపోయి గోవిందు కొట్టుకి పరిగెత్తాను.

ఒక్క చుట్టు కూడా కలపకుండా, నలభై చుట్లు, అన్నాను.

“పిన్ని చెప్పింది గదా,” అన్నాడు గోవిందు చాయ్ వడపోస్తూ. “ఇరవై అనుకుందాం.”

ఇరవై మాత్రం తక్కువేంటి మామ్మా, తొమ్మిది నుంచి ఇరవై అంటే గొప్పే, అని ప్రదీప్ ఓదార్చాడు. ఒట్టేశాను. నమ్మలేదు. గవరయ్యకి మళ్ళీ నాలుగు మాటల రోజు మొదలైంది, ‘ఊఁ’ అన్నాడు. కథ నమ్మించడమంటే చిటికెలో పని గాని, నిజాన్ని ఎలా నమ్మించాలో నాకెవరు నేర్పారు?

కాసేపు ఆలోచించాను. తర్వాత బెంచీ మీద సర్దుకు కూర్చుని, గొంతు తగ్గించి, మన పిల్ల దిష్టి తగులుతుందని చెప్పొద్దంది గాని మీ దగ్గర దాపరికమేంటి, తిప్పింది ఎనభై చుట్లు, అన్నాను.

గోవిందు నన్ను పైకీ కిందికీ చూశాడు. మనసులో లెక్కేసుకున్నాడు.

“అయితే నలభై,” అన్నాడు.

ప్రదీప్ కూడా నలభైకి ఒప్పుకున్నాడు. సాయంత్రానికి బతు బస్తీ అంతా నలభై అనే చెప్పుకుంటోంది.